హడ్సన్స్ బే కంపెనీ కొట్లు ('బే') మూతపడ్డాయి. నాన్నగారికి కెనడా పాత వ్యాపార స్థలాలు చూపించాలి, ఎక్కడ మొదలుపెట్టమంటారు?

వేణు_విన్నిపెగ్ | జూన్ 9, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. కిందటేడు, అంటే 2025 జూన్ 1న, బే కొట్లన్నీ మూసేశారు. ఆఖరి వారంలో మా దగ్గర మాల్‌లో ఉన్న షాపుకి వెళ్లాను. సరుకు అయిపోయి, అద్దాల అలమారాలకీ బట్టలు తగిలించే స్టాండ్లకీ ధర చీటీలు అంటించి అమ్ముతున్నారు. ఇంటికొచ్చి నాన్నగారికి ఫోన్ చేసి, 1670లో బొచ్చు తోళ్ల వ్యాపారానికి పెట్టిన హడ్సన్స్ బే కంపెనీ కొట్లు ఎత్తేస్తున్నారండీ అని చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "355 ఏళ్లు ఒకే పేరు మీద వ్యాపారమా!" అన్నారు.

నాన్నగారు గుంటూరు మిర్చి యార్డులో 31 ఏళ్లు కమీషన్ కొట్టు నడిపారు. ఈ నెలాఖరుకి ఇక్కడికి వస్తున్నారు. నయాగరా తీసుకెళ్తానంటే, "అది ఫోటోల్లో చూశాను. వాళ్లు సరుకు ఎక్కడ దించుకున్నారో, ఎక్కడ లెక్కేసుకున్నారో అది చూపించు" అన్నారు. ఇక్కడ ఓ మూడు వారాలు, తర్వాత వాంకూవర్ దగ్గర సర్రేలో మా చెల్లెలి దగ్గర ఓ వారం ఉంటారు. వయసు 71, నడవగలరు. చెప్పండి, ఏవి చూపించాలి?

స్వర్ణ_సెల్కిర్క్ | జూన్ 9, రాత్రి 10:15

వేణు గారూ, మీకు అరగంట దూరంలోనే ఉంది. లోయర్ ఫోర్ట్ గ్యారీ. రెడ్ రివర్ ఒడ్డున సున్నపురాయి గోడల కోట. 1830లో కంపెనీ గవర్నర్ జార్జ్ సింప్సన్ కట్టించడం మొదలుపెట్టాడు. అందులో ఫర్ లాఫ్ట్ అని ఒక రాతి కట్టడం ఉంది, కింద దుకాణం, పైన తోళ్ల గోదాము. నక్క, తోడేలు, నీళ్లలో తిరిగే బీవర్, అన్ని తోళ్లూ దూలాలకి వేలాడుతుంటాయి. మెట్లెక్కగానే ముక్కుకి తగులుతుంది ఆ వాసన.

ఒక్క మాట. ఆ కోట గోడ పక్కనే 1871 ఆగస్టు 3న ఆదివాసులతో కెనడా ప్రభుత్వం చేసుకున్న అంకెల ఒప్పందాల్లో మొదటిదాని, అంటే ట్రీటీ 1, మీద సంతకాలయ్యాయి. తలకి ఏడాదికి 3 డాలర్లు, తర్వాత 5 డాలర్లు చేశారు. దుకాణం చూసి వెనక్కి వచ్చేయకుండా ఆ చోటు కూడా చూపించండి.

కిరణ్_కాల్గరీ | జూన్ 9, రాత్రి 11:03

నేను విన్నది చెప్తాను. తుపాకీ కావాలంటే ఆ తుపాకీని నిలబెట్టి, దాని ఎత్తు వచ్చేదాకా బీవర్ తోళ్లు పేర్చాలట. అందుకే తుపాకులు పొడుగ్గా చేశారట. అలాగే బే దుప్పటి అంచున నల్ల గీతలు ఉంటాయి కదా, ఎన్ని గీతలుంటే అన్ని తోళ్లు దాని ధర. నాన్నగారికి ఇవి బాగా నచ్చుతాయి.

మాస్టారు_థండర్‌బే | జూన్ 10, ఉదయం 6:20

కిరణ్, ఈ రెండు మాటలూ అందరూ చెప్పుకునేవే, రెండూ నిజం కావు. నాన్నగారు ఏళ్ల తరబడి వ్యాపారం చేసిన మనిషి కాబట్టి అసలు లెక్క చెప్తాను.

కంపెనీకి నాణెం లేదు. బాగా శుభ్రం చేసి ఎండబెట్టిన ఒక పెద్ద బీవర్ తోలు, దాన్ని 'మేడ్ బీవర్' అనేవారు, అదే రూపాయి. చిన్న జంతువుల తోళ్లు రెండో మూడో కలిస్తే ఒకటిగా లెక్క. తుపాకీ ధర 18వ శతాబ్దంలో సుమారు 10 నుంచి 14 బీవర్లు. మనిషి ఎత్తు తుపాకీ పక్కన అన్ని తోళ్లు పేర్చితే మోకాలు దాటదు. గొట్టం పొడుగు ఆ కాలపు తుపాకీల మామూలు పొడుగే. దుప్పటి మీద గీతలు సైజుకి గుర్తు. 1780 ప్రాంతం నుంచి కంపెనీ వాటిని తెప్పించింది. మడత విప్పకుండానే ఎంత పెద్దదో తెలియడానికి ఆ గీతలు నేసేవారు.

ఇంతకీ యూరప్ వాళ్లకి బీవర్ ఎందుకు కావలసి వచ్చిందంటే టోపీల కోసం. బీవర్‌కి పైన బిరుసు వెంట్రుకలు, కింద మెత్తటి ఉన్ని ఉంటాయి. ఆ ఉన్ని పోగుకి కంటికి కనపడని ముళ్లుంటాయి, తడిపి నలిపితే ఒకదానికొకటి పట్టుకుని గట్టి ఫెల్ట్ అవుతుంది. ఇక్కడే విచిత్రం. కొత్త తోలు కంటే వాడిన తోలుకే మొదట్లో ఎక్కువ ధర! ఆదివాసులు ఏడాదో రెండేళ్లో ఒంటికి కప్పుకుని తిరిగితే బిరుసు వెంట్రుకలు రాలిపోయి, ఒంటి నూనె పట్టి, టోపీ చేసేవాడికి సగం పని తగ్గేది. ఫ్రెంచి వాళ్లు దాన్ని 'కాస్టర్ గ్రా' అన్నారు.

వేణు_విన్నిపెగ్ | జూన్ 10, సాయంత్రం 7:30

మాస్టారూ, మీరు రాసింది నాన్నగారికి మొత్తం చదివి వినిపించాను. అక్కడ తెల్లవారుజాము, కాఫీ పక్కన పెట్టేసి విన్నారు. విని రెండు ప్రశ్నలడిగారు. "కొలత ఎవరి చేతిలో ఉంది? తెచ్చినవాడికి ఇంకో కొట్టుకి పోయే వీలుందా?"

మాస్టారు_థండర్‌బే | జూన్ 10, రాత్రి 8:55

31 ఏళ్ల అనుభవం ఆ రెండు ప్రశ్నల్లోనే తెలుస్తోంది. నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి.

కొలత కంపెనీ చేతిలోనే ఉండేది. లండన్ నుంచి 'స్టాండర్డ్' అని ధరల పట్టిక వచ్చేది. దాని ప్రకారం ఇచ్చేవారా అంటే, లేదు. తుపాకీ మందు, బట్ట కొలిచేటప్పుడు కాస్త కాస్త తగ్గించి మిగిల్చేవారు. మానిక నిండా పోయాల్సింది అంచు దాకా రాకుండా చెయ్యి ఆపేయడమన్నమాట. ఇలా మిగిలిన దానికి పుస్తకాల్లో ఒక పేరే ఉంది, 'ఓవర్‌ప్లస్'. అందుకే ఆదివాసీ నాయకులు వ్యాపారం మొదలుపెట్టే ముందు, మాకు నిండుగా కొలవండి అని గట్టిగా అడిగేవారని కంపెనీ ఉద్యోగులే రాసుకున్నారు. హడ్సన్ బే తీరాన ఉన్న కంపెనీ కోట యార్క్ ఫ్యాక్టరీలో గోడకున్న కిటికీ గుండా సరుకు మార్చుకునేవారు. కొలిచే మనిషి లోపల, తెచ్చిన మనిషి బయట.

రెండో ప్రశ్న అసలైనది. ఫ్రెంచి వర్తకులు దగ్గర్లో ఉన్నంతకాలం యార్క్ ఫ్యాక్టరీలో తోలుకి మంచి ధర పలికింది. ఆదివాసులు తెచ్చే తోళ్లు అటు పోతాయన్న భయం ఉంది కాబట్టి. వాళ్ల బేరం గట్టిది కూడా. పొగాకు బ్రెజిల్‌దే కావాలి, ఇంకోటి వద్దు అంటే కంపెనీ లిస్బన్ నుంచి బ్రెజిల్ పొగాకు కొని తెచ్చి ఇచ్చింది. తర్వాత మాంట్రియల్ వర్తకులు 1779లో నార్త్ వెస్ట్ కంపెనీ పెట్టారు, నలభై ఏళ్లు పోటాపోటీ. 1821లో రెండూ కలిసిపోయాయి. ఇక పోవడానికి రెండో కొట్టు లేదు.

ఆ నార్త్ వెస్ట్ కంపెనీ కోటే మా ఊరి ఫోర్ట్ విలియం. ఇప్పుడున్నది తిరిగి కట్టింది, అసలు చోటు రైల్వే యార్డు కింద పోయింది. అయినా చూడాల్సిందే. ప్రతి జులైలో మాంట్రియల్ నుంచి సరుకు పడవలు, పడమటి నుంచి తోళ్ల పడవలు ఇక్కడ కలుసుకునేవి. మాంట్రియల్ పడవ 36 అడుగులు, భోజపత్రం చెట్టు బెరడుతో చేసింది, మూడు టన్నుల దాకా మోసేది. జలపాతం అడ్డొస్తే సరుకంతా దించి మనుషులు మొయ్యాలి. మూట 90 పౌన్లు, మనిషికి రెండు మూటలు, నుదుటికి తోలు పట్టీ వేసుకుని.

వేణు_విన్నిపెగ్ | జూన్ 10, రాత్రి 9:20

90 పౌన్లంటే 41 కిలోలు. మాస్టారూ, మిర్చి టిక్కీ కూడా అంతే బరువు!

పద్మ_హాలిఫాక్స్ | జూన్ 11, ఉదయం 8:10

మీరంతా బీవర్ దగ్గరే ఆగిపోయారు. కెనడా వ్యాపారం మొదలైంది చేపతో. బీవర్ కంటే ముందు కాడ్ చేప. న్యూఫౌండ్లాండ్‌లో బోనవిస్టా అనే ఊళ్లో రయన్ ప్రెమిసెస్ ఉంది, ఒక ఉప్పుచేపల వర్తక కుటుంబం గోదాములు, కొట్టు, ఇల్లు అన్నీ నీటి ఒడ్డున అలాగే నిలబెట్టారు. మీ నాన్నగారికి గోదాము వాసన తెలుసు, ఇక్కడికి వస్తే ఇల్లు చేరినట్టుంటుంది.

అక్కడి పద్ధతి వింటే మన ఊళ్లు గుర్తొస్తాయి. వసంతంలో జాలరి వలలు, ఉప్పు, పిండి, టీ అన్నీ వర్తకుడి కొట్లో పద్దు మీద తీసుకెళ్తాడు. చేప పట్టి, ఉప్పేసి, ఎండబెట్టి, వేసవి చివర్లో తెచ్చి అప్పగిస్తాడు. కొట్లో వస్తువు ధర వర్తకుడిదే, చేప ధరా వర్తకుడిదే. చేపని చూసి రకం చెప్పే మనిషి, 'కల్లర్' అంటారు, వర్తకుడి దగ్గర జీతగాడు. చేతిలో డబ్బు చూడకుండా బతుకంతా గడిపేసిన జాలర్లున్నారు. మంచి రకం స్పెయిన్, పోర్చుగల్, ఇటలీకి పోయేది. విరిగిందీ, ఎండకి కాలిందీ, అట్టడుగు రకం, దాని పేరే 'వెస్ట్ ఇండియా'. కరీబియన్ చెరకు తోటల్లో బానిసలకి తిండిగా అది పంపేవారు. ఆ ఓడలే తిరిగొస్తూ పంచదార, బెల్లపు పాకం, రమ్ తెచ్చేవి. హాలిఫాక్స్ రేవు మీద ఉన్న పాత రాతి గోదాములు చూసినప్పుడల్లా నాకు ఆ అట్టడుగు రకం చేపే గుర్తొస్తుంది.

1992 జులై 2న కాడ్ పట్టడం ఆపేశారు. అప్పటికి సముద్రంలో ఆ చేప దాదాపు మిగల్లేదు.

ఇంకొకరి పేరు కూడా చెప్పాలి. వయోలా డెస్మండ్. ఇప్పుడు 10 డాలర్ల నోటు మీద ఉన్న ఆవిడ.

కిరణ్_కాల్గరీ | జూన్ 11, మధ్యాహ్నం 12:40

మాస్టారు సరిచేసినందుకు థాంక్స్, ఇన్నాళ్లూ అదే నిజమనుకున్నాను. పద్మ గారూ, వయోలా డెస్మండ్ సినిమా హాల్లో సీటు విషయంలో పోరాడిన ఆవిడ కదా? అది పౌరహక్కుల సంగతి. వ్యాపారంలో ఎందుకు?

పద్మ_హాలిఫాక్స్ | జూన్ 11, మధ్యాహ్నం 1:25

ఎందుకంటే ఆ రోజు ఆవిడ వెళ్తున్నదే వ్యాపారం పని మీద! 1946 నవంబరు 8. హాలిఫాక్స్ నుంచి మా నోవా స్కోషియాలోనే ఉన్న సిడ్నీకి సొంత కారులో బయల్దేరింది, న్యూ గ్లాస్గోలో కారు చెడిపోయింది, బాగుచేసేదాకా కాలక్షేపానికి సినిమాకి వెళ్లింది.

నల్లజాతి ఆడపిల్లలని హాలిఫాక్స్ బ్యూటీ స్కూళ్లు చేర్చుకోలేదు. అందుకని మాంట్రియల్, అట్లాంటిక్ సిటీ, న్యూయార్క్ వెళ్లి పని నేర్చుకుంది. తిరిగొచ్చి గాటింజన్ స్ట్రీట్‌లో సెలూన్ పెట్టింది. తర్వాత తనకి దొరకని చదువు మిగతావాళ్లకి దొరకాలని స్కూలు పెట్టింది. సొంత పేరు మీద పౌడర్లు, క్రీములు తయారుచేసి అమ్మింది. ఆ సినిమాకి వెళ్లిన నాటికి ఆవిడ వయసు 32.

హాల్లో కింది సీట్లు తెల్లవాళ్లకే అన్నారు, ఆవిడ అక్కడ కూర్చుని లేవనంది. కింద సీటుకీ పైన బాల్కనీకీ పన్నులో తేడా ఒక్క సెంటు. ఆ సెంటు ఎగ్గొట్టిందని కేసు పెట్టి, రాత్రంతా జైల్లో ఉంచి, 20 డాలర్లు జరిమానా, 6 డాలర్లు ఖర్చులు కట్టించారు. అప్పీలు ఓడిపోయింది. వ్యాపారం మానేసి ఊరు వదిలి వెళ్లిపోయింది. 1965లో పోయింది, 2010లో గానీ ప్రభుత్వం క్షమాపణ చెప్పలేదు. పెద్ద కొట్ల ఈటన్, సింప్సన్, ఓడల కునార్డ్ పేర్లు చెప్పుకుంటున్నప్పుడు, పెట్టుబడి కంటే ముందు అనుమతి కోసం కొట్లాడాల్సి వచ్చిన ఈ వ్యాపారి పేరు వాళ్ల పక్కనే ఉండాలి.

కిరణ్_కాల్గరీ | జూన్ 11, మధ్యాహ్నం 1:50

ఇది నాకు అస్సలు తెలియదు. ఆవిడ వ్యాపారి అని నోటు మీద చూసి ఎవరం అనుకుంటాం!

బందరు_రమణ | జూన్ 11, రాత్రి 10:05

నాకు మనసులో ఒకటుంది, చెప్పేస్తాను. మాది మచిలీపట్నం. 1611లో ఈస్టిండియా కంపెనీ మా ఊళ్లో ఫ్యాక్టరీ పెట్టింది. ఫ్యాక్టరీ అంటే మిల్లు కాదు, ఫ్యాక్టర్ అనే ఏజెంటు కూర్చునే కొట్టూ గోదామూ. యార్క్ ఫ్యాక్టరీ పేరులో ఉన్నదీ అదే మాట. మా ఊరి కొట్టు చివరికి ఏమైందో మనకి తెలుసు. మరి ఇక్కడికొచ్చి అలాంటి కంపెనీ కోటలకి టికెట్ కొనుక్కుని మురిసిపోవాలా?

మాస్టారు_థండర్‌బే | జూన్ 12, ఉదయం 6:05

రమణ గారూ, మీ బాధ న్యాయమే. 1670 మే 2న రెండో చార్లెస్ రాజు ఒక కాగితం మీద, హడ్సన్ బేలోకి పారే నదుల పరీవాహక ప్రాంతమంతా తన బంధువు ప్రిన్స్ రూపర్ట్‌కీ ఆయన జతగాళ్లకీ రాసిచ్చేశాడు. ఈనాటి కెనడాలో మూడోవంతు పైమాటే. ఆ నేల మీద ఉన్న క్రీ, డెనే, అసినిబోయిన్ జనాన్ని ఎవరూ అడగలేదు. రెండొందల ఏళ్ల తర్వాత కంపెనీ దాన్ని కెనడాకి 3 లక్షల పౌన్లకి అప్పగించింది, మంచి సాగునేలలో ఇరవయ్యోవంతు తనకే ఉంచుకుంది. అప్పుడూ అడగలేదు. అందుకే 1869లో రెడ్ రివర్ దగ్గర లూయీ రీల్ నాయకత్వంలో మేటీలు, అంటే ఆదివాసులకీ యూరప్ వాళ్లకీ పుట్టిన సంతతి జనం, ఎదురుతిరిగారు.

కాబట్టి కోటకి వెళ్తే కంపెనీని కాదు, పని చేసిన చేతుల్ని చూడాలి అంటాను నేను. మంచు బూట్లు అల్లింది, మొకాసిన్లనే తోలు చెప్పులు కుట్టింది, తోళ్లు బాగుచేసింది ఆడవాళ్లు. పడవల్లో మనుషులకి తిండి పెమ్మికాన్, ఎండబెట్టి దంచిన బైసన్ మాంసంలో కొవ్వు కలిపింది. దాన్నీ మూటలు కట్టింది మేటీ ఆడవాళ్లే.

తానదెల్తుర్ పేరు విన్నారా? డెనే అమ్మాయి. క్రీ వాళ్ల చెర నుంచి తప్పించుకుని 1714లో యార్క్ ఫ్యాక్టరీ చేరింది. ఉత్తరాన డెనేలకీ క్రీలకీ శత్రుత్వం వల్ల కంపెనీకి అటు వ్యాపారం సాగడం లేదు. మరుసటి ఏడాది ఆవిడ ఒక బృందంతో మంచులో నెలల తరబడి నడిచి, తిండిలేక చాలామంది వెనక్కి మళ్లితే కొద్దిమందిని ఒకచోట ఆగమని ఒక్కతే ముందుకెళ్లి తన వాళ్లని వెతికి పట్టుకుంది. గొంతు బొంగురుపోయేదాకా మాట్లాడి సంధి కుదిర్చింది. తోలుని ఎలా బాగుచేస్తే ధర వస్తుందో కూడా నేర్పింది. 1717 ఫిబ్రవరిలో జబ్బుచేసి పోయింది. చర్చిల్ కోట వచ్చింది ఆవిడ తెరిచిన దారి వల్లే.

స్వర్ణ_సెల్కిర్క్ | జూన్ 12, ఉదయం 9:30

రమణ గారికి ఒక చిన్న సంగతి. రాజు రాసిచ్చిన ఆ కాగితంలో, చార్టర్ అంటారు, ఒక షరతుంది. రాజు ఈ నేల మీద అడుగుపెడితే కంపెనీ అద్దెగా రెండు ఎల్క్ దుప్పులు, రెండు నల్ల బీవర్ ఇవ్వాలి. 1939లో, 1959లో, 1970లో నిజంగానే ఇచ్చారు. విన్నిపెగ్ డౌన్‌టౌన్‌లో 1926 నాటి పెద్ద బే భవనం ఉంది కదా, 2022 ఏప్రిల్‌లో దాన్ని ఇక్కడి ఆదివాసుల సంఘం సదరన్ చీఫ్స్ ఆర్గనైజేషన్‌కి ఇచ్చేశారు. ఆ రోజు చీఫ్‌లు బదులుగా కంపెనీ చేతిలో పెట్టింది రెండు బీవర్ తోళ్లు, రెండు ఎల్క్ తోళ్లు. నేను టీవీలో చూశాను. ఒళ్లు గగుర్పొడిచింది.

చార్టర్ కాగితాన్ని కూడా రెండు సంపన్న కుటుంబాలు 1.8 కోట్ల డాలర్లకి కొన్నాయి, మ్యూజియంలకి ఇవ్వడానికి. ఎవరి ఇంటి గోడకో పోకుండా అందరూ చూసేచోట ఉండటం మంచిది. పిల్లలు ఆ కాగితం చూసి, ఎవరిని అడిగి రాశారు అని అడగాలి.

సునీత_సర్రే | జూన్ 12, రాత్రి 8:45

వేణు గారూ, చెల్లెలి దగ్గరికి వచ్చినప్పుడు ఫోర్ట్ లాంగ్లీ దగ్గరే. 1827లో బీవర్ కోసం పెట్టిన కోట, సాల్మన్ చేప మీద బతికింది. ఉప్పేసి పీపాల్లో పెట్టి హవాయికి పంపేవారు. పనివాళ్లలోనూ హవాయి నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు. పీపా చేసే పని చేసి చూపిస్తారు, పలకల అంచు ఎంత వాలుగా చెక్కాలో కంటితోనే లెక్కేస్తాడు వడ్రంగి. చూస్తే కదలబుద్ధి కాదు.

అక్కడి నుంచి ఆబట్స్‌ఫర్డ్ వెళ్లండి. 1911 నాటి గుర్ సిఖ్ గురుద్వారా. రంపపు మిల్లులో పనిచేసే పంజాబీలు ఆ మిల్లు ఇచ్చిన కలపని భుజాల మీద మోసుకెళ్లి కట్టుకున్నారు. 2002 నుంచి జాతీయ చారిత్రక స్థలం. వాంకూవర్ ద్వీపం మీద పాల్డీ అని ఒక ఊరుంది, 1906లో వచ్చిన మాయో సింగ్ సొంత మిల్లు పెట్టి, తన పంజాబ్ ఊరి పేరు దానికి పెట్టుకున్నాడు. పంజాబీ, చైనా, జపాన్ కుటుంబాలు పక్కపక్కన ఉండేవి. 1914లో పంజాబీ వలసదారులతో వచ్చిన కొమగాట మారు ఓడని రెండు నెలలు రేవులో నిలబెట్టి వెనక్కి పంపిన ప్రావిన్స్‌లోనే ఇది జరిగింది. ఇప్పుడు గురుద్వారా తప్ప పెద్దగా ఏమీ మిగల్లేదు, అయినా నేను ఏడాదికోసారి వెళ్లి అక్కడి ఉచిత భోజనం, లంగర్, పంక్తిలో కూర్చుని వస్తాను.

వేణు_విన్నిపెగ్ | జులై 5, రాత్రి 10:50

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. నిన్న నాన్నగారిని లోయర్ ఫోర్ట్ గ్యారీ తీసుకెళ్లాం.

ఫర్ లాఫ్ట్ మెట్లు నెమ్మదిగా ఎక్కారు. పాతకాలం బట్టలు వేసుకున్న అమ్మాయి ఒక బీవర్ తోలు తెచ్చి చేతికిచ్చింది. నాన్నగారు దాన్ని నిమరలేదు. కిటికీ వెలుతురు దగ్గరికి తీసుకెళ్లి, మిర్చి విరిచి గింజ చూసినట్టు, బొటనవేలితో వెంట్రుకల్ని ఎదురు దువ్వి అడుగున ఉన్ని చూశారు. ఊది చూశారు. వెనక్కి తిప్పి చర్మం వాసన చూశారు. "ఇది చలికాలం కోత. కింద ఒత్తుగా ఉంది" అన్నారు. నేను ఇంగ్లిష్‌లో చెప్తే ఆ అమ్మాయి ఆశ్చర్యపోయింది. నిజమేనట, చలికాలపు తోలుకే విలువట.

తర్వాత మూట ఎత్తబోయారు. నేను వద్దన్నా వినలేదు. నేల మీంచి జానెడు లేపి, దించేసి, "టిక్కీయే" అన్నారు. మా కొట్లో హమాలీ ఒకాయన రెండు టిక్కీలు ఒకేసారి మోసేవాడట, ఇరవై ఏళ్లు. ఆయన పేరు తలచుకుని కాసేపు ఆ పీట మీదే కూర్చున్నారు.

ట్రీటీ 1 చోటుకి కూడా వెళ్లాం, స్వర్ణ గారూ. తలకి 3 డాలర్లు అని చెప్తే, "రాసుకున్న కాగితం ఎవరి భాషలో ఉంది?" అని అడిగారు. ఇంగ్లిష్‌లో అని చెప్పాను.

మాస్టారూ, శనివారం తెల్లవారుజామున 5కి కారులో మీ ఊరు బయల్దేరుతున్నాం. 700 కిలోమీటర్లు. నాన్నగారు ఆ 36 అడుగుల పడవ చూడాలంటున్నారు.

మాస్టారు_థండర్‌బే | జులై 6, ఉదయం 6:10

రండి. దారిలో కెనోరాలో ఒకసారి ఆపి నాన్నగారిని నడిపించండి, కాళ్లు పట్టేస్తాయి. మధ్యలో గంట ముందుకి జరుగుతుంది, అది లెక్కలో పెట్టుకోండి. రాత్రి భోజనం మా ఇంట్లోనే, ఆవిడ గోంగూర పచ్చడి తీసి పెట్టింది. ఆదివారం పొద్దున్నే కోట తలుపులు తీసే వేళకి నేనూ మీతో వస్తాను.